రాజ్యాంగసవరణము – ఏకదేశవికృతన్యాయము

ఆంధ్రభాషలో నేఁడు రాజ్యాంగమను పదము ఏ యర్థమున వాడఁబడుచున్నదో, ఆ యర్థము దానికిఁ బూర్వము లేదు. అమరసింహుఁడు స్వామి, అమాత్యుఁడు, సుహృత్తు, కోశము, రాష్ట్రము, దుర్గము, బలము అను నేడింటిని రాజ్యాంగములని పరిగణించి, పౌరుల శ్రేణులను గూడ నా పట్టికలోఁ జేర్చెను. కౌటిల్యుఁడు అర్థశాస్త్రముయొక్క యాఱవ యధికరణమున వీనినే కొంచెము వరుస మార్చి ప్రకృతులనెను. ఈ రెండు చోట్లను రాజు అంగములలో నొకఁడు, అంగి రాజ్యము. కావున రాజ్యాంగ మనఁగా రాజ్యముయొక్క యవయవ మనియే ప్రాచీనుల తాత్పర్యము. ఇంగ్లీషువారు కాన్‌స్టిట్యూషను అనునది యవయవము కాదు; అవయవముల యమరిక. చేయియుఁ గాలును శరీరమునకు అంగములు; అవి యొండొంటితోఁ గూడియుండెడి తీరు వేఱు. హిందీ, కన్నడము మొదలగు భాషలవారు ఈ రెండవదానికి సంవిధానమని పేరిడుకొనిరి. మనవారు మాత్రము బహువచనమునఁ జెల్లుచుండిన ప్రాఁతమాటను ఏకవచనమునకుఁ దెచ్చి క్రొత్త యర్థమున నిలిపిరి. రూఢి యోగముకంటె బలీయమని పెద్దలు చెప్పుదురు గనుక దీనిని నేను దప్పనను. అయినను ఆ పదముయొక్క గర్భమున నొక ప్రశ్న మిగిలియున్నది. రాజ్యాంగమనఁగా మనము వ్రాసికొనిన గ్రంథమా? లేక ఆ గ్రంథము వర్ణించుచున్న రాజ్యశరీరమా?

ఐరోపాఖండమునను ఈ పదమునకు ఇట్టి చరిత్రమే కలదు. గ్రీకుల "పొలిటేయా" యనునది పౌరులు కలిసి బ్రదుకు విధానమంతటికిని బేరు. అరిస్టాటిలు శిష్యులు 158 నగరముల పొలిటేయాలను సంగ్రహించిరని ప్రసిద్ధి. వానిలో ఏథెన్సును గూర్చినది ఐగుప్తదేశపు పపైరసుపత్రములలో దొరకి 1891లో లండనున ముద్రితమయ్యెను. లాటినుభాషలో "కాన్‌స్టిట్యూషియో" అనునది చక్రవర్తి వెలువరించు శాసనము మాత్రమే. ఈ రాజశాసనవాచకము పదునెనిమిదవ శతాబ్దినాఁటికి రాజును గూడ శాసించు దానికిఁ బేరగుట శబ్దార్థపరిణామములలో విచిత్రమైనది. 1789లో ఫ్రెంచివారు తమ హక్కుల ప్రకటనములోని 16వ విధియందు, హక్కులకు రక్షణయు, అధికారములకు విభాగమును లేని సమాజమునకు రాజ్యాంగమే లేదని తేల్చిరి. 1791లో టామసు పెయిను రాజ్యాంగము ప్రభుత్వమునకంటెఁ బూర్వము పుట్టవలసినదనియు, ప్రజలు దానికిఁ గర్తలనియు, ప్రభుత్వము దాని కార్య మనియు వాదించెను. ఇట్టి నిర్వచనములను బట్టి చూచినచో నింగ్లండునకు రాజ్యాంగము లేదనవలసివచ్చును. టాక్వీలు 1835లో అట్లే యనెను. ఇంగ్లీషువారు మాత్రము తమకది యున్నదనియే నమ్ముచు, వ్రాఁతపత్రము లేకయే దానిని నడుపుకొనుచున్నారు.

గ్రంథమా, శరీరమా యను చర్చ సవరణప్రసంగము వచ్చువఱకును పండితవినోదము వలెనే కనఁబడును. ఒక రాజ్యాంగమును సవరించు నధికారము ఆ రాజ్యాంగముచేతనే యొక సభకు ఈయఁబడినప్పుడు, ఆ సభ దానితో నెంతదూరము పోవచ్చును? గ్రంథమే రాజ్యాంగమైనచో, చెప్పిన విధానమును బాటించి యే వాక్యమునైనను, అన్ని వాక్యములనైనను దీసివేయవచ్చును. శరీరమే రాజ్యాంగమైనచో, శస్త్రచికిత్స వేఱు, వధ వేఱు.

ఇచ్చట నాయా భాషల పదములను బరిశీలింపుఁడు. ఇంగ్లీషువారి "అమెండుమెంటు" దోషవాచకమైన లాటినుశబ్దమునుండి వచ్చినది. దోషమును దొలఁగించుట దాని మొదటి యర్థము. హిందీవారి సంశోధనశబ్దమును అట్టిదే. మన సవరించుట యనునది చెదరినదానిని జక్కఁబెట్టుట. తల వెండ్రుకలను సవరించుకొనునపుడు తల యుండుట సిద్ధమే. జర్మనులు వాడెడి "ఎండెరుంగు" అను పదము మాత్రము "అన్య" మను నర్థముగల ధాతువునుండి పుట్టినది. వేఱొకటిగాఁ జేయుట యని దాని యక్షరార్థము. పదములనుబట్టియే జాతుల భాగ్యములు నిర్ణయమగునని నేననను. కాని యా భేదమును మనసున నుంచుకొని ముందునకుఁ బోవుదము.

శాబ్దికులకు ఏకదేశవికృతన్యాయము సుపరిచితము. ఒక శబ్దమున నొక భాగము మాఱినంతమాత్రమున అది యన్యశబ్దము కాదు. దానికిఁ బూర్వము చెప్పిన కార్యము లన్నియు మార్పుపొందిన రూపమునకును జెల్లును. దీనికి లోకదృష్టాంతము కుక్క. తోఁక తెగినను అది కుక్కయే గాని గుఱ్ఱమును గాదు, గాడిదయును గాదు. ఈ పరిభాషయే లేకున్నచో ప్రతివికారమునకును సూత్రము లన్నిటిని మరల వ్రాయవలసివచ్చును. రాజ్యాంగసవరణమునకు నిదియే ప్రాణము. భారతరాజ్యాంగము 1950లో నమలులోనికి వచ్చెను. 2023 సంవత్సరాంతమునకు దానికి 106 సవరణములు జరిగినవి. అయినను మనము దానిని 1950 నాఁటి రాజ్యాంగమనియే యనుచున్నాము. తోఁక, చెవి, వెండ్రుకలు పోయినను వ్యక్తి యొక్కటియే యను ప్రత్యభిజ్ఞ కలుగుచున్నది. కాని న్యాయమునకు "ఏకదేశ" మను విశేషణ మున్నదని మఱవరాదు. ఏకదేశము కాక సర్వదేశమును వికృతమైనచో న్యాయము ప్రవర్తింపదు.

నార్వేదేశీయులు 1814లో వ్రాసికొనిన రాజ్యాంగముయొక్క మునుపటి 112వ విధిలో నీ న్యాయము దాదాపు మనవారి మాటలలోనే కలదు. సవరణము ఆ రాజ్యాంగపు మూలసూత్రములకు విరుద్ధముగా నుండరాదనియు, దాని యాత్మను మార్పక కొన్ని ప్రత్యేకవిధులను మాత్రమే మార్పవలెననియు వారు విధించిరి. ఫ్రెంచివారు 1884లో, ప్రజారాజ్యరూపమును సవరణప్రతిపాదనకు విషయముగాఁ జేయఁగూడదని నిషేధించిరి. ఆ నిషేధ ముండఁగనే 1940 జూలై 10వ తేదీని, జర్మనుల చేతఁ బరాజితులైన యనంతరము, విషీపట్టణమున వారి శాసనసభలు రెండును గూడి 569 మంది సమ్మతితో, 80 మంది యసమ్మతితో, క్రొత్త రాజ్యాంగమును నిర్మించు సర్వాధికారమును మార్షలు పెటైనునకు ధారపోసిరి. సవరణాధికారమును అన్యునకు దానము చేయుటయే యచటి సవరణము. అందుతో మూఁడవ ప్రజారాజ్యము ముగిసెను.

జర్మనీకథ యింతకంటె బోధకము. 1919 నాఁటి వైమారు రాజ్యాంగమున 76వ విధి, మూఁడింట రెండువంతుల సభ్యుల హాజరును, వచ్చినవారిలో మూఁడింట రెండువంతుల సమ్మతియు నున్నచో రాజ్యాంగమును మార్పవచ్చునని చెప్పి యూరకుండెను. ఏది మార్పరాదో చెప్పలేదు. నాఁటి ప్రధానవ్యాఖ్యాత యగు అన్షూట్సు, చెప్పని యవధిని మనము కల్పింపఁగూడదనెను. 1928లో కార్లు ష్మిట్టు దీనిని నిరాకరించి, రాజ్యాంగమును నిర్మించినశక్తి వేఱు, రాజ్యాంగముచే నిర్మింపఁబడినశక్తి వేఱు, రెండవది మొదటిదానిని సంహరింపఁజాలదని వాదించెను. ఈ విభాగమును 1789లోనే ఫ్రాన్సున సియ్యేసు చెప్పియుండెను. 1933 మార్చి 23వ తేదీని హిట్లరుమంత్రివర్గమునకు శాసననిర్మాణాధికార మిచ్చు చట్టమునకు 444 మంది యనుకూలురు, 94 మంది ప్రతికూలురు. కమ్యూనిస్టు సభ్యులను సభకే రానీయలేదు. ఆ చట్టము రాజ్యాంగమునకు విరుద్ధములైన శాసనములను గూడఁ జేయవచ్చుననెను. చిత్రమేమనఁగా, వైమారు రాజ్యాంగమును నాజీలు విధిపూర్వకముగా నెన్నఁడును రద్దుచేయలేదు. గ్రంథము యథాతథముగా నుండెను, శరీరము లేదు. కుక్కను జంపి, తోఁకను మాత్రము భద్రపఱచిరి. సవరణమున కవధి యున్నదని వాదించిన ష్మిట్టు అదే సంవత్సరమున నాజీపక్షమునఁ జేరెను. తర్కము సరిగా నున్నవాని నడత సరిగా నుండవలె నను నియమము లేదు. 1949లో పశ్చిమజర్మనులు క్రొత్త మౌలికశాసనమును వ్రాసికొనునపుడు 79వ విధి మూఁడవ ఖండమున, మానవగౌరవము, ప్రజాస్వామికమును సంయుక్తమునునైన రాజ్యస్వరూపము మొదలగువానిని ఏ సవరణమును దాఁకరాదని స్పష్టముగాఁ జెప్పుకొనిరి.

భారతరాజ్యాంగనిర్మాత లట్లు చెప్పలేదు. 368వ విధికి వా రుంచిన యుపశీర్షిక సవరణమునకు "విధాన" మని మాత్రమే. 1951లో శంకరీప్రసాదుకేసునందును, 1964లో సజ్జనుసింగుకేసునందును సర్వోన్నతన్యాయస్థానము పార్లమెంటునకు హద్దు లేదనియే పలికెను. రెండవదానిలో హిదాయతుల్లా, ముధోల్కరులు సందేహమును వెలిబుచ్చిరి. 1965లో డీట్రిచి కాన్రాడను జర్మనుపండితుఁడు కాశీ హిందూవిశ్వవిద్యాలయమున నుపన్యసించుచు, 368వ విధిచేత రాజ్యాంగమును రద్దుచేసి మొగలుపాదుషాను గాని యింగ్లండురాణిని గాని మరలఁ బ్రతిష్ఠింపవచ్చునా యని యడిగెను. తన దేశమున జరిగినదానిని జూచినవాని ప్రశ్న యది.

1967 ఫిబ్రవరి 27వ తేదీ గోలకనాథుతీర్పు మన యాంధ్రులకుఁ గొంత యాత్మీయమైనది. దానిని వ్రాసిన ప్రధానన్యాయాధీశుఁడు కోకా సుబ్బారావుగారు రాజమహేంద్రవరమునఁ బుట్టినవారు. ఆంధ్రరాష్ట్రపు టున్నతన్యాయస్థానమునకు 1954లోఁ బ్రథమ ప్రధానన్యాయాధీశులు. 11 మందిలో ఆఱుగురి మతమున, సవరణమును 13వ విధి చెప్పెడి "శాసనము"లలో నొకటియే. కావున ప్రాథమికహక్కులను హరించు సవరణము చెల్లదు. 368వ విధి విధానమును మాత్రమే చెప్పుచున్నదనియు, అధికారము వేఱొకచోటినుండి తేవలెననియు వారు వివరించిరి. జరిగిపోయిన సవరణములకు మాత్రము భంగములేదని యూఱడించిరి. నా యభిప్రాయము చెప్పవలెనన్నచో, భయము యథార్థమే, హేతువు దుర్బలము. ఉపశీర్షికలోని యొక పదముమీఁద నంతటి సౌధమును నిలుపుటచేత, ఆ పదమును మార్చినంతనే సౌధము కూలెను. 1971లో 24వ సవరణము చేసినపని యదియే.

ఆ సవరణముయొక్క మాటలను జూచిన శాబ్దికునకు ముఖము వికసింపక మానదు. చేర్చుట, మార్చుట, తీసివేయుట యను మూఁడు విధముల రాజ్యాంగమును సవరింపవచ్చునని పార్లమెంటు వ్రాసికొనెను. ఇవి మన యాగమాదేశలోపములు గాక మఱేమి? ఉపశీర్షికయందును "అధికార" మను పదము చేరెను. ఇంక నడ్డేమున్నదని సర్కారు వకీళ్ల వాదము. లోపము వ్యాకరణసమ్మతమైనపుడు సర్వలోప మేల కాదు? క్విప్ప్రత్యయ మొక్క యక్షరమైనను మిగులక పూర్తిగా లోపించుటలేదా? ఔను, లోపించును. కాని యచట లోపించునది ప్రత్యయము. ధాతువు నిలిచియుండును, పదము సిద్ధించును, పోయిన ప్రత్యయముయొక్క కార్యము గూడఁ బదమునందుఁ గనఁబడును. పదమునే లోపింపఁజేయు శాస్త్రమును ఏ మునియుఁ జెప్పలేదు. చెప్పినచో ఆ శాస్త్రమునకు సాధ్యమేమి మిగులును?

కేశవానందభారతికేసున జరిగిన వాద మీ మార్గముననే నడచెను. కాసరగోడు ప్రాంతమునఁగల యెడనీరుమఠాధిపతి కేరళప్రభుత్వపు భూసంస్కరణశాసనమునుగూర్చి 1970లోఁ దెచ్చిన యభియోగమది. 13 మంది న్యాయాధీశులు 1972 అక్టోబరు 31 మొదలు 1973 మార్చి 23 వఱకు 68 దినములు వాదప్రతివాదములను వినిరి. ఏప్రిలు 24వ తేదీని తీర్పు. పదునొకండు వేర్వేఱు వ్యాఖ్యానములు. ఆఱుగురు సవరణాధికారమునకు సహజములైన హద్దులు గలవనిరి. వారిలో ఆంధ్రప్రదేశ ఉన్నతన్యాయస్థానమునకుఁ బ్రధానన్యాయాధీశుఁడుగా నుండిన పింగళి జగన్మోహనరెడ్డిగా రొకరు. ఆఱుగురు హద్దులు లేవనిరి. నడుమ నిలిచినవాఁడు హంసరాజు ఖన్నా. హక్కుల నన్నిటిని సవరింపవచ్చునని యతఁడు రెండవవారితోఁ బోయెను. కాని సవరణమను పదము, మార్పులు జరిగినను పూర్వపు రాజ్యాంగము తన స్వరూపమును గోలుపోక బ్రదికియుండుటను సూచించుచున్నదని వివరించి, మౌలికస్వరూపమును బార్లమెంటు మార్పఁజాలదని నిశ్చయించెను. ఇది గోలకనాథునందలి తర్కమువలె విధిసంఖ్యలమీఁద నాధారపడినది కాదు. ఒక శబ్దముయొక్క శక్తిమీఁద నాధారపడినది. ఖన్నా పరిభాషలను జదివెనో లేదో గాని, చెప్పినది మాత్రము ఏకదేశవికృతన్యాయమే. ఏడుగు రొకవైపు, ఆఱుగు రొకవైపు నైరి. మఱునాఁడే ప్రభుత్వము, తనకుఁ బ్రతికూలముగాఁ దీర్పుచెప్పిన మువ్వురు పెద్దలను దాఁటించి, అనుకూలుఁడైన అజితనాథరాయిని బ్రధానన్యాయాధీశునిగా నియమించుటయు, ఆ మువ్వురు రాజీనామా లిచ్చుటయు సంభవించెను. మఠాధిపతికి భూమి దక్కలేదు.

పూర్వపక్షమును గూడ న్యాయముగాఁ జెప్పవలెను. మౌలికస్వరూప మేదియని యడిగినచో ఒకే యుత్తరము రాలేదు. సిక్రీ రాజ్యాంగపు సర్వాధిక్యము, ప్రజాస్వామ్యము, మతనిరపేక్షత, అధికారవిభాగము, సంయుక్తత యని లెక్కించెను. తక్కినవారి పట్టికలు వేఱు. తరువాతి తీర్పులు మఱికొన్నిటిని జేర్చుచు వచ్చినవి. గణపాఠమున నాకృతిగణములని కొన్ని కలవు. ఇతరగణములవలె వానికి లెక్క ముగియదు. శిష్టప్రయోగమున రూపమునుబట్టి యే పదము కనఁబడిన నా పదమును అందుఁ జేర్చుకొనవచ్చును. మౌలికస్వరూప మిట్టి యాకృతిగణము. ఆకృతిగణమువలన సౌలభ్య మెంతయో ప్రమాద మంత. శిష్టుఁ డెవఁడో తేలనిచో ఎవనికి రుచించినపదము వాఁడు చేర్చును. 2015 అక్టోబరు 16వ తేదీని సర్వోన్నతన్యాయస్థానము 99వ సవరణమును గొట్టివేయుచు, న్యాయాధీశనియామకమున న్యాయాధీశులకే ప్రాధాన్య ముండుటను ఈ గణమునఁ జేర్చెను. అట్టి నియామకపద్ధతి రాజ్యాంగపాఠమునం దెచటను లేదు. 1993, 1998 సంవత్సరముల తీర్పులవలనఁ బుట్టినది. గణపాఠమును వ్రాయువాఁడు తన పేరును గూడ నందు వ్రాసికొనుట నాకు సమ్మతము గాదు. అయినను ఒక యక్రమప్రయోగమును జూపి గణమునే త్రోసివేయుమనుట వైయాకరణుల పద్ధతి కాదు.

గణ మేల కావలసివచ్చెనో 1975 చెప్పును. జూను 25వ తేదీని అత్యవసరపరిస్థితి ప్రకటింపఁబడెను. ఆగస్టులో వచ్చిన 39వ సవరణము ప్రధానమంత్రి యెన్నికను న్యాయస్థానముల విచారణకు లోఁబడకుండఁ దప్పించి, అప్పటికే యలహాబాదున రద్దయిన యెన్నికను శాసనబలమునఁ జెల్లునని పలికెను. నవంబరు 7వ తేదీని అయిదుగురు న్యాయాధీశుల పీఠము ఆ ఖండమును గొట్టివేసెను. ఆ యయిదుగురిలో నలుగురు రెండేండ్లక్రిందట సవరణమునకు హద్దు లేదన్నవారే. పిదప మూఁడు దినములకే ప్రధానన్యాయాధీశుఁడు రాయి, కేశవానందతీర్పును మరల విచారించుటకై 13 మందితోఁ బీఠమును గూర్చెను. నానీ పాల్ఖీవాలా రెండు దినములు వాదించెను. పునర్విచారణ నెవ్వరు కోరిరో తేలలేదు. 12వ తేదీని పీఠము రద్దయ్యెను. 1976లో 42వ సవరణము, సవరణాధికారమునకు ఏవిధమైన హద్దును లేదని రెండు ఖండములను 368వ విధియందు స్పష్టముగా వ్రాసెను. 1980 జూలై 31వ తేదీని మినర్వామిల్లుకేసున నవి కొట్టువడినవి. పరిమితమైన యధికారమును బొందినవాఁడు ఆ యధికారముచేతనే దానిని అపరిమితముగాఁ జేసికొనఁజాలఁడని యచట హేతువు.

ఈ సిద్ధాంతము దేశాంతరములకును బోయినది. 1989లో బంగ్లాదేశ సర్వోన్నతన్యాయస్థానము తమ యెనిమిదవ సవరణమున నొక భాగమును దీనినిబట్టియే కొట్టివేసెను. కెన్యాదేశమున 2021లోఁ గ్రింది న్యాయస్థానములు రెండును దీని నంగీకరించినవి. 2022 మార్చి 31వ తేదీని అచటి సర్వోన్నతన్యాయస్థానము మాత్రము, సవరణముల కెట్టి రక్షణము కావలయునో తమ 2010 నాఁటి రాజ్యాంగమే ప్రజాభిప్రాయసేకరణాదులచేత విధించుకొన్నదనియు, మౌలికస్వరూపసిద్ధాంతము తమ దేశమునఁ జెల్లదనియుఁ జెప్పెను. ఆ చర్చకు మూలమైన సవరణబిల్లు మాత్రము, రాజ్యాధ్యక్షుఁడు ప్రజాప్రతిపాదన మను పేరఁ దానే సవరణమును గదలింపఁగూడదను వేఱొక హేతువుచేత, అదే తీర్పులోఁ గొట్టువడెను.